మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లాం: ఈసారైనా డాలస్ స్టార్స్‌కి కప్పు ఛాన్స్ ఉందా?

బావ: ఈ ఎపిసోడ్ క్రికెట్ గురించి కాదండోయ్, ఐస్ హాకీ గురించి. ఐస్ హాకీ అనగానే స్క్రోల్ చేసేయకండి, కాసేపు ఆగండి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. డాలస్ స్టార్స్ ఆఫీసు, వాళ్లు ప్రాక్టీస్ చేసే రింక్ ఆ ఫ్రిస్కోలోనే ఉన్నాయి. అంటే చాలామందికి ఇది ఇంటిపక్క టీమ్. ఇప్పుడు 2025 సెప్టెంబర్. వచ్చే నెల కొత్త సీజన్ మొదలు. వేసవిలో టీమ్ చేసిన మార్పుల మీద మా ఇంట్లో రెండు నెలలుగా వాదన నడుస్తోంది. టీమ్ కప్పు రేసులో ఉందని నేనంటాను, లేదని మా బామ్మర్ది అంటాడు.

బామ్మర్ది: లేదని అనట్లేదు బావా. పోయిన ఏడాది కంటే పల్చబడింది అంటున్నా. రెండింటికీ తేడా ఉంది.

బావ: సరే, ముందు కొత్తవాళ్లకి కథ చెబుదాం. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 టీమ్‌లు ఉంటాయి. ఒక్కో టీమ్ 82 మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో 16 టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కడ నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో ఏడు గేములు పెడతారు, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి. నాలుగు రౌండ్లూ దాటితే స్టాన్లీ కప్.

బామ్మర్ది: మన టీమ్ 1993లో మిన్నెసోటా నుంచి డాలస్ వచ్చింది. కప్పు గెలిచింది ఒక్కసారే, 1999లో. 2000లోనూ, 2020లోనూ ఫైనల్‌కి వెళ్లి ఓడిపోయింది. అంటే 1999లో పుట్టిన వాళ్లకి ఇప్పుడు 26 ఏళ్లు. మన గోలీ జేక్ ఓటింజర్ 1998 డిసెంబర్‌లో పుట్టాడు. టీమ్ కప్పు గెలిచేసరికి అతను పాలు తాగే పిల్లాడు.

బావ: ఇక గత మూడేళ్లు చూడండి. 2023లో మూడో రౌండ్ దాకా వెళ్లి వేగస్ చేతిలో ఓడాం. 2024లో మళ్లీ మూడో రౌండ్, ఎడ్మంటన్ చేతిలో. 2025లోనూ మూడో రౌండ్, మళ్లీ అదే ఎడ్మంటన్. సెమీఫైనల్ లాంటి రౌండ్‌లో వరుసగా మూడేళ్లు ఓడిపోయాం.

బామ్మర్ది: పైగా చివరిసారి ఇంకాస్త తొందరగా. 2023లో, 2024లో ఆరేసి గేములు ఆడాం. 2025లో ఐదింటికే అయిపోయింది.

బావ: ఆ ఐదు గేములే ఈ గొడవంతటికీ మూలం కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. మొదటి గేమ్ మనదే, 6-3. చివరి పీరియడ్‌లోనే ఐదు గోల్స్ కొట్టాం. సిరీస్ మనదే అనుకున్నాం. తర్వాత నాలుగూ వరుసగా ఓడాం.

బామ్మర్ది: స్కోర్లు కూడా చెప్పు బావా. 3-0, 6-1, 4-1. అంటే మధ్యలో మూడు గేములు కలిపి మనం కొట్టింది రెండే రెండు గోల్స్. ఐదో గేమ్ సొంత గడ్డ మీద. మ్యాచ్ మొదలై ఏడు నిమిషాలు దాటిందో లేదో, ఎడ్మంటన్ రెండు షాట్లు కొట్టింది, రెండూ లోపలికి వెళ్లాయి. రెండో గోల్ కొట్టిన మత్తియాస్ యన్మార్క్ ఒకప్పుడు మన టీమ్ ఆటగాడే. అంతే, కోచ్ పీట్ డిబోర్ ఓటింజర్‌ని బయటకు పిలిచేసి బెంచ్ మీద కూర్చోబెట్టాడు.

బావ: ఇది ఎంత పెద్ద విషయమో క్రికెట్ భాషలో చెబుతా. నాకౌట్ మ్యాచ్‌లో నీ నంబర్ వన్ బౌలర్ మొదటి ఓవర్‌లో రెండు ఫోర్లు ఇచ్చాడనుకో. ఇంక నీకు మ్యాచ్ మొత్తంలో బంతి ఇవ్వను, పోయి డగౌట్‌లో కూర్చో అంటే ఎలా ఉంటుంది? అలా అన్నమాట.

బామ్మర్ది: అక్కడితో వదిలేసినా బాగుండేది. మ్యాచ్ అయ్యాక ప్రెస్ ముందు కూర్చుని, ఎడ్మంటన్ మీద ఓటింజర్ ఎన్ని గేములు ఓడాడో లెక్క చెప్పాడు. సొంత గోలీ గురించి, అందరి ముందు. మూడు గేముల్లో రెండు గోల్స్ కొట్టిన టీమ్‌కి గోలీని తప్పు పట్టే హక్కు ఎక్కడిది?

బావ: ఇక్కడ నువ్వూ నేనూ ఒకటే పార్టీ. 2025 జూన్ 6న డిబోర్‌ని తీసేశారు. మూడు సీజన్లు చేశాడు, మూడుసార్లూ సెమీస్‌కి తీసుకెళ్లాడు. ఏడో గేమ్ దాకా వెళ్లిన సిరీస్‌లలో అతని కోచింగ్ రికార్డు 9-0, ఒక్కటీ ఓడలేదు. అలాంటి కోచ్‌ని పంపేశారంటే కారణం గెలుపోటములు మాత్రమే కాదు. ఓటింజర్‌కి కొత్త కాంట్రాక్టు ఎనిమిదేళ్లది, ఏడాదికి 8.25 మిలియన్ డాలర్లు, ఈ సీజన్ నుంచే మొదలు. ఎనిమిదేళ్లు ఉండే గోలీ కావాలా, అతన్ని అందరి ముందు తక్కువ చేసిన కోచ్ కావాలా అంటే, ఏ టీమ్ అయినా గోలీనే ఎంచుకుంటుంది.

బామ్మర్ది: ఒప్పుకుంటా. కోచ్‌ని మార్చడం సరే, తెచ్చింది ఎవరిని? గ్లెన్ గులుట్జన్‌ని! ఆయన 2011 నుంచి 2013 దాకా ఇదే డాలస్‌కి హెడ్ కోచ్. రెండు సీజన్లలోనూ ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. పాత సినిమానే కొత్త పోస్టర్‌తో రిలీజ్ చేసినట్టుంది.

బావ: ఆగరా. అప్పటి టీమ్‌కీ ఇప్పటి టీమ్‌కీ పోలికే లేదు. ఆ తర్వాత ఆయన ఎక్కడున్నాడో చూడు. 2018 నుంచి ఎడ్మంటన్‌లో అసిస్టెంట్ కోచ్. అక్కడ పవర్ ప్లే బాధ్యత ఆయనదే.

బామ్మర్ది: క్రికెట్ పవర్‌ప్లే అనుకుంటారు, చెప్పు.

బావ: అవును, వేరు. హాకీలో ఒక ఆటగాడు ఫౌల్ చేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అప్పుడు అవతలి టీమ్‌లో ఐదుగురు, ఇవతల నలుగురే. ఆ రెండు నిమిషాలే పవర్ ప్లే. 2022-23 సీజన్‌లో ఎడ్మంటన్ తనకొచ్చిన పవర్ ప్లేల్లో 32.4 శాతం గోల్స్‌గా మార్చింది. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో ఏ టీమూ ఒక సీజన్‌లో అంత చేయలేదు. రెండేళ్లు మనల్ని ఇంటికి పంపిన టీమ్ ఎలా ఆలోచిస్తుందో లోపలి నుంచి చూసిన మనిషి ఇప్పుడు మన బెంచ్ వెనక ఉన్నాడు.

బామ్మర్ది: మెక్‌డేవిడ్, డ్రైసైట్ల్ ఉంటే పవర్ ప్లే నేనైనా నడిపేస్తా బావా.

బావ: (నవ్వు) అది కొంత నిజమే. కానీ మనకీ రాంటనెన్, రాబర్ట్‌సన్, హింట్జ్, జాన్‌స్టన్ ఉన్నారు. తక్కువ సరుకేం కాదు.

బామ్మర్ది: సరే, ఇప్పుడు అసలు విషయానికి రా. వేసవిలో మన టీమ్‌లోంచి ఎవరు వెళ్లిపోయారో వరసగా చెబుతా. మేసన్ మార్చ్‌మెంట్: 22 గోల్స్. సియాటిల్‌కి పంపేసి డ్రాఫ్ట్ పిక్స్ మాత్రమే తెచ్చుకున్నాం. ఎవ్‌గెనీ డాడొనొవ్: 20 గోల్స్. న్యూజెర్సీకి వెళ్లాడు. ఈ ఇద్దరివే 42 గోల్స్. మికాయెల్ గ్రాన్‌లండ్: మూడేళ్లకి 21 మిలియన్లకి అనాహైమ్‌తో సంతకం చేశాడు. రెండో రౌండ్‌లో విన్నిపెగ్ మీద నాలుగో గేమ్ 3-1తో గెలిచాం గుర్తుందా? ఆ మూడు గోల్స్ కొట్టింది అతనొక్కడే. డిఫెన్స్‌లో కోడీ సీసీ లాస్ ఏంజెలెస్‌కి, మ్యాట్ డంబా పిట్స్‌బర్గ్‌కి.

బావ: వచ్చింది ఎవరు?

బామ్మర్ది: అదే కదా నేను అడిగేది! బయటి నుంచి వచ్చిన వాళ్లలో చెప్పుకోదగ్గ పేరు రాడెక్ ఫాక్సా. అతనూ మన పాతవాడే, ఏడాది సెయింట్ లూయిస్‌లో ఉండి తిరిగొచ్చాడు. మంచి ఆటగాడే కానీ పని గోల్స్ ఆపడం, కొట్టడం కాదు. నాలుగో లైన్ మనిషి. మ్యాట్ డుషేన్‌ని నాలుగేళ్లకి మళ్లీ తీసుకున్నారు. సీజన్‌లో 82 పాయింట్లు, టీమ్‌లో అందరికంటే ఎక్కువ. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి ఒక్క గోల్. కెప్టెన్ జేమీ బెన్‌కి 36 ఏళ్లు నిండాయి, అతనికీ ఇంకో ఏడాది. పోయినవాళ్లు నిజంగా పోయారు, వచ్చినవాళ్లు మాత్రం పాతవాళ్లే.

బావ: బెన్ విషయంలో ఒక మాట. పోయిన కాంట్రాక్టులో ఏడాదికి 9.5 మిలియన్లు. ఇప్పుడు ఒక మిలియన్, ఆ పైన ఏమైనా వస్తే బోనస్‌ల రూపంలోనే. 2013 నుంచి కెప్టెన్‌గా ఉన్న మనిషి టీమ్ కోసం అంత తగ్గాడంటే గౌరవించాలి.

బామ్మర్ది: గౌరవం వేరు, గోల్స్ వేరు.

బావ: సరే, ఎందుకు కొనలేదో చెబుతా. ఇది అర్థమైతేనే వేసవి మొత్తం అర్థమవుతుంది. ఐపీఎల్‌లో ఒక్కో టీమ్‌కి పర్సు ఉంటుంది కదా, దాన్ని దాటి ఖర్చు పెట్టకూడదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో దాన్ని శాలరీ క్యాప్ అంటారు. పోయిన సీజన్ 88 మిలియన్లు, ఈ సీజన్ 95.5 మిలియన్లు. అంటే ఏడున్నర మిలియన్లు పెరిగింది. బాగా పెరిగింది అనిపిస్తుంది. కానీ ఓటింజర్ జీతం 4 నుంచి 8.25కి వెళ్లింది. వయాట్ జాన్‌స్టన్‌ది ఒక మిలియన్ లోపు నుంచి 8.4కి వెళ్లింది. ఈ ఇద్దరికే పదకొండున్నర మిలియన్లకు పైగా పెరిగింది. పెరిగిన పర్సు కంటే ఇద్దరి జీతాల పెంపే ఎక్కువ!

బామ్మర్ది: దాని మీద రాంటనెన్‌కి 12.

బావ: అవును. ఏడుగురి లెక్క చూడండి. రాంటనెన్ 12, సెగిన్ 9.85, హైస్కనెన్ 8.45, హింట్జ్ 8.45, జాన్‌స్టన్ 8.4, ఓటింజర్ 8.25, రాబర్ట్‌సన్ 7.75. కలిపితే 63.15 మిలియన్లు. మొత్తం పర్సులో మూడింట రెండు వంతులు ఏడుగురికే. మిగతా వంతుతో టీమ్ నింపాలి. అందుకే 4.5 మిలియన్ల మార్చ్‌మెంట్‌ని వదులుకున్నారు. ఇష్టపడి కాదు, జేబు చూసుకుని.

బామ్మర్ది: నేననేదీ అదే కదా. హాకీలో నలుగురు ఫార్వర్డ్ లైన్లు ఉంటాయి. ఒక్కో లైన్ నిమిషం లోపే ఆడి మారిపోతుంది. స్టార్ ఆటగాడైనా 60 నిమిషాల్లో 20, 22 నిమిషాలే మంచు మీద ఉంటాడు. క్రికెట్‌లో కోహ్లీ 20 ఓవర్లూ నిలబడొచ్చు, హాకీలో ఎవరూ అలా నిలబడలేరు. అందుకే ఇక్కడ మూడో లైన్ కప్పు గెలిపిస్తుంది. వరుసగా రెండేళ్లు కప్పు గెలిచిన ఫ్లోరిడాని చూడు. వాళ్ల మూడో లైన్‌లో మార్షాండ్ ఆడాడు. మన బలం కూడా ఇన్నాళ్లూ అదే. ఒక లైన్‌ని ఆపితే ఇంకో లైన్ కొట్టేది. ఇప్పుడు ఆ బలాన్నే అమ్ముకున్నాం.

బావ: అమ్ముకుని ఏం తెచ్చుకున్నామో కూడా చెప్పు. మికో రాంటనెన్. 2025 మార్చిలో కరోలినా నుంచి తెచ్చాం. లోగన్ స్టాన్‌కోవెన్‌ని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్‌ని, రెండు మూడో రౌండ్ పిక్స్‌ని ఇచ్చాం. సీజన్‌లో మన తరఫున 20 మ్యాచ్‌లే ఆడాడు. ఇప్పుడు ఏడాదంతా మనతోనే. కొలరాడో మీద ఏడో గేమ్ మర్చిపోయావా? మూడో పీరియడ్ మొదట్లో 2-0తో వెనకబడ్డాం. హైస్కనెన్ లేడు, రాబర్ట్‌సన్ లేడు. ఆ ఒక్క పీరియడ్‌లో రాంటనెన్ మూడు గోల్స్ కొట్టి, ఇంకోటి కొట్టించాడు. 4-2. అదీ తన పాత టీమ్ మీద!

బామ్మర్ది: ఆ రాత్రి నేనూ సోఫా మీద ఎగిరాను, కాదనను. కానీ ప్లేఆఫ్స్‌లో అతను కొట్టిన తొమ్మిది గోల్స్ మొదటి రెండు రౌండ్లలోవే. ఎడ్మంటన్ మీద ఒక్కటీ లేదు. ఒక్క మనిషిని ఆపేస్తే టీమ్ ఆగిపోయింది. నా భయం అదే.

బావ: నీ మాటకి జవాబు గాయాలు. హైస్కనెన్ మన నంబర్ వన్ డిఫెన్స్‌మన్. జనవరి చివర్లో మోకాలికి దెబ్బ తగిలింది. మళ్లీ వచ్చింది రెండో రౌండ్ మధ్యలో, పూర్తి ఫామ్ లేకుండా. రాబర్ట్‌సన్ సీజన్ ఆఖరి మ్యాచ్‌లో గాయపడి మొదటి రౌండ్ మొత్తం ఆడలేదు. సెగిన్ తుంటి సర్జరీతో సీజన్‌లో చాలా భాగం లేడు. హింట్జ్‌కి ఎడ్మంటన్ సిరీస్‌లోనే దెబ్బ తగిలి మూడో గేమ్ ఆడలేదు. వీళ్లందరూ పూర్తిగా కోలుకుని మొదటి రోజు నుంచి ఆడితే, అదే మనం కొత్తగా కొనుక్కున్నట్టు.

బామ్మర్ది: "ఆడితే." ఆ మాట మీదే ఆధారపడ్డావు చూడు. ప్రతి టీమ్ ఫ్యాన్ సెప్టెంబర్‌లో ఇదే అంటాడు.

బావ: ఆర్‌సీబీ ఫ్యాన్స్ 17 ఏళ్లు అదే అన్నారు. ఈ జూన్‌లో కప్పు ఎత్తారు. సౌతాఫ్రికాని చోకర్స్ అని ఎన్నేళ్లు వెక్కిరించారు? ఈ జూన్‌లోనే టెస్ట్ చాంపియన్‌షిప్ గెలిచింది.

బామ్మర్ది: ఆర్‌సీబీ పేరు ఎత్తావు కాబట్టి చెబుతున్నా. ఆర్‌సీబీ అదే టీమ్‌తో అదే ఆట ఆడి గెలవలేదు. మెగా వేలంలో సాల్ట్, హేజిల్‌వుడ్, భువనేశ్వర్, కృనాల్ వచ్చారు. ఫైనల్లో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కృనాల్ పాండ్య, కోహ్లీ కాదు. కెప్టెన్ కూడా కొత్తవాడు, పాటిదార్. అంటే స్టార్‌ని ఉంచుకుని చుట్టూ ఉన్న టీమ్‌ని మార్చారు. మనం స్టార్స్‌ని ఉంచుకుని చుట్టూ ఉన్న టీమ్‌ని పోగొట్టుకున్నాం. నీ ఉదాహరణ నా వైపే ఉంది బావా.

బావ: (నవ్వు) ఇది మాత్రం గట్టిగా తగిలింది. ఒప్పుకోక తప్పదు.

బామ్మర్ది: పైగా పోటీ చూడు. వేగస్ ఏం చేసింది? టొరంటో నుంచి మిచ్ మార్నర్‌ని ఎనిమిదేళ్లకి తెచ్చుకుంది. కొలరాడో బ్రాక్ నెల్సన్‌ని నిలబెట్టుకుంది. ఫ్లోరిడా బెనెట్‌ని, ఎక్‌బ్లాడ్‌ని, మార్షాండ్‌ని ముగ్గురినీ వదలకుండా పట్టుకుంది.

బావ: కొందరు తగ్గారు కూడా. విన్నిపెగ్ పోయిన సీజన్ లీగ్‌లో టాప్, 116 పాయింట్లు. వాళ్ల ఈలర్స్ కరోలినాకి వెళ్లిపోయాడు. ఎడ్మంటన్ నుంచి పెరీ, కేన్, ఆర్విడ్‌సన్ ముగ్గురూ వెళ్లారు. క్యాప్ కత్తెర అందరి జేబులోనూ ఉంది, మన ఒక్కరి జేబులోనే కాదు.

బామ్మర్ది: సరే, అది నీకు ఇచ్చేస్తున్నా. కానీ అసలు సంగతి మనిద్దరం ఇంకా మాట్లాడలేదు. రాబర్ట్‌సన్. 26 ఏళ్లు, పోయిన సీజన్ 35 గోల్స్. కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతుంది. థామస్ హార్లీ, విన్నిపెగ్‌ని ఓవర్‌టైమ్‌లో ఇంటికి పంపిన డిఫెన్స్‌మన్, 4 మిలియన్లకే ఆడుతున్నాడు. అతనిదీ ఇదే ఆఖరి ఏడాది. వచ్చే వేసవికి ఇద్దరికీ భారీగా పెంచాలి. క్యాప్ 104 మిలియన్లకి పెరుగుతుంది, నిజమే. అయినా అందరినీ ఉంచుకోవడం కష్టం.

బావ: అందుకే నేననేది. ఇప్పుడున్న ఈ టీమ్, ఈ రూపంలో, బహుశా ఈ ఒక్క ఏడాదే ఉంటుంది. జనరల్ మేనేజర్ జిమ్ నిల్‌కి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. వరుసగా మూడేళ్లు బెస్ట్ జీఎం అవార్డు ఊరికే రాలేదు. వేసవిలోనే రాబర్ట్‌సన్‌ని అమ్మేస్తారని పుకార్లు వచ్చాయి. అమ్మలేదు. రేపటి కోసం దాచుకోకుండా ఈ ఏడాది మీద పందెం వేశారు.

బామ్మర్ది: అంటే నువ్వు చెప్పేది, ఈ వేసవిలో టీమ్ బలపడలేదు, కానీ రేసులోంచి తప్పుకోనూ లేదు. అంతేనా?

బావ: అంతే. పేపర్ మీద పోయిన ఏడాది కంటే పల్చబడింది, నువ్వన్నది నిజం. కానీ పోయిన ఏడాది మనల్ని ఓడించింది టీమ్ పల్చగా ఉండటం కాదు. అన్ని లైన్లూ నిండుగా ఉండి కూడా మూడు గేముల్లో రెండు గోల్సే కొట్టాం, చివరికి కోచ్‌కి తన గోలీ మీదే నమ్మకం పోయింది. కొత్త కోచ్ సరిచేయాల్సింది అదే. ఫేవరెట్ అనను. కప్పు గెలవగల ఐదారు టీమ్‌లలో ఒకటి అంటా.

బామ్మర్ది: నేనైతే ఎనిమిదింటిలో ఒకటి అంటా.

బావ: అంటే మన రెండు నెలల గొడవ రెండు టీమ్‌ల తేడా కోసమా! సరే, చూసేవాళ్లకి మూడు విషయాలు చెప్పి ముగిద్దాం. సీజన్‌లో ఏం గమనించాలి?

బామ్మర్ది: ఒకటి, మూడో లైన్. మావ్రిక్ బుర్క్ లాంటి కుర్రాళ్లు ఆ పోయిన 42 గోల్స్‌లో సగమైనా పూడ్చాలి. క్రిస్మస్ నాటికి తెలిసిపోతుంది. డిఫెన్స్‌లో 2004లో పుట్టిన లియన్ బిక్సెల్‌కి ఎన్ని నిమిషాలు ఇస్తున్నారో కూడా చూడండి.

బావ: రెండు, ఓటింజర్. గణాంకాల కంటే, చెడ్డ గోల్ ఒకటి పడిన రోజు కోచ్ ఏం చేస్తాడో చూడండి. బెంచ్ మీద కూర్చోబెడతాడా, నిలబెడతాడా? టీమ్ మొత్తం ఆ ఒక్క నిర్ణయాన్ని గమనిస్తుంది.

బామ్మర్ది: మూడు, మార్చిలో ట్రేడ్ డెడ్‌లైన్. అప్పటికి రాబర్ట్‌సన్ కాంట్రాక్టు తేలకపోతే జిమ్ నిల్ ఏం చేస్తాడో అదే అసలు జవాబు. టీమ్ మీద ఆయనకి నమ్మకం ఉందో లేదో మాటల్లో కాదు, ఆ రోజు తెలుస్తుంది.

బావ: కొత్తగా చూడాలనుకునేవాళ్లకి ఒక చిట్కా. డాలస్ హోమ్ మ్యాచ్ పెడితే జాతీయగీతం మిస్ అవకండి. అందులో "స్టార్స్" అనే మాట వచ్చినప్పుడల్లా హాలు హాలంతా ఒక్కసారిగా అరుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడతారు. రెండోసారి మీరూ అరుస్తారు.

బామ్మర్ది: నేను ఎనిమిదింటిలో ఒకటి అన్నానని అరవనని కాదు.

బావ: అది తెలుసులేరా. మీరు చెప్పండి, బావ పార్టీయా, బామ్మర్ది పార్టీయా? వచ్చే ఎపిసోడ్ మొదటి పది మ్యాచ్‌లు అయ్యాక. అప్పటికి మా ఇద్దరిలో ఒకరు మాట మార్చే ఛాన్స్ ఉంది. ఉంటాం మరి, నమస్తే.